గొంతు సప్పోరోది, తాళం కోలారుది



ఈవేళ ఒక గాయని గురించి చెప్పుకుందాం. 2007 ఆగస్టు 31న ఆమె జనానికి పరిచయమైంది. అప్పుడు ఆమెకు 16 ఏళ్లు. ఇప్పుడూ 16 ఏళ్లే. వచ్చే ఏడూ అంతే. ఎత్తు 158 సెంటీమీటర్లు. పచ్చా నీలమూ కలిసిన రంగు జుట్టు, రెండు పిలకలుగా కట్టి మోకాళ్లు దాటేదాకా వదిలేసి ఉంటుంది. పేరు హత్సునే మికు. జపాన్ ఉత్తర దిక్కున సప్పోరో అనే నగరంలో క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అని ఒక కంపెనీ ఉంది. మికు వాళ్లు అమ్మే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో స్వరాలూ మాటలూ రాసి ఇస్తే పాడి పెడుతుంది. అంతకుమించి ఆమె ఎక్కడా లేదు.

లేని ఈ అమ్మాయి 2010 మార్చిలో టోక్యోలో కచేరీ చేసింది, మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్‌లో చేసింది. 2014లో లేడీ గాగా కచేరీలకు ముందు వేదిక ఎక్కింది. తెర మీద బొమ్మ ఆడుతుంటే కింద నిజమైన మనుషులు గిటారూ డ్రమ్సూ వాయిస్తారు. అయితే ఆ కచేరీల సంగతి ఇవాళ నాకు అంత ముఖ్యం కాదు. నేను చెప్పదలచుకున్నది ఆమె పేరు మీద వచ్చిన ఆటల గురించి. సెగా కంపెనీ 2009 జులై 2న 'ప్రాజెక్ట్ దివా' అనే వీడియో గేమ్‌ను చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ మీద విడుదల చేసింది. మరుసటి ఏడాది అది జపాన్ ఆటల దుకాణాల్లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రంగా వచ్చింది. 2016లో ఇళ్లలో ఆడుకునే ప్లేస్టేషన్ 4 మీదికి 200కు పైగా పాటలతో వచ్చింది. 2022 మే నెలలో మామూలు కంప్యూటర్ల మీదికి వచ్చింది. అట్లా మా కోలారు గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్ దాకా చేరింది.

కేజీఎఫ్ అనగానే ఇప్పుడు అందరికీ గడ్డం పెంచిన హీరో గుర్తొస్తాడు. 2018లో అదే పేరుతో ఒక సినిమా, 2022లో ఇంకొకటి వచ్చి మా ఊరిని ఎవరూ గుర్తుపట్టలేనంత పెద్దది చేశాయి. నేను చెప్పే కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరిగాం, చాంపియన్ రీఫ్, మారికుప్పం. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరుకు కొలువుకు పోయే ఊరు. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, అప్లికేషన్‌లో ఇంగ్లీషు.

మా మేనల్లుడు ఆ రైలెక్కే వాళ్లలో ఒకడు. ఆదివారం పూట వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈ ఆట ఆడుతుంటే నేను పక్కన చేరి ఏదో అడగబోయాను. "గమ్మునుండు మామా, కాంబో పోతాది" అన్నాడు. కాంబో అంటే ఒక్కటీ తప్పకుండా వరసగా నొక్కుకుంటూ పోవడం. వాడి కళ్లు తెర మీద ఉన్నాయి కానీ, నిజానికి వాడు చూడటం లేదు, వింటున్నాడు. ఆ సంగతి నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

ఆట పద్ధతి ఇది. తెర మీద మికు పాడుతూ ఆడుతూ ఉంటుంది. ఆ బొమ్మ మీదే అక్కడక్కడా సున్నా, ఇంటూ, చదరం, త్రికోణం గుర్తులు నీడలుగా తేలతాయి. ఒక్కో గుర్తు మీద సన్నని ముల్లు ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. తెర అంచు నుంచి అదే ఆకారం రంగులో ఎగురుకుంటూ వస్తుంది. అది వచ్చి నీడ మీద కూర్చోవడమూ, ముల్లు చుట్టు పూర్తి చేయడమూ ఒకే క్షణంలో జరుగుతాయి. సరిగ్గా అప్పుడు ఆ గుర్తున్న బటన్ నొక్కాలి. బాగా కుదిరితే 'కూల్' అని పడుతుంది. కొంచెం అటూ ఇటూ అయితే 'ఫైన్', ఇంకొంచెం జరిగితే 'సేఫ్', ఆ పైన 'సాడ్'. కూల్‌కూ సేఫ్‌కూ మధ్య తేడా సెకనులో పదో వంతు కూడా ఉండదు. కంటితో చూసి, మనసులో అనుకుని, వేలు కదిపే లోపల ఆ క్షణం దాటిపోతుంది. అందుకే చూసి ఆడేవాడు ఓడిపోతాడు. పాట చెవికి పట్టినవాడే గెలుస్తాడు. మొదటిసారి ఆడినప్పుడు చేయి కాదు, పాట రాకపోవడమే అడ్డం. పది సార్లు విన్న పాట అయితే వేలు తనంతట తనే పడుతుంది.

ఇలాంటి ఆటలు మికుతో మొదలు కాలేదు. 1996 చివర 'పరప్పా ది రాపర్' అనే ఆట జపాన్‌లో వచ్చింది. 1998లో కాళ్లతో తొక్కే 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' వచ్చింది. 2001లో 'తైకో నో తత్సుజిన్' అని నిజంగానే డోలు పెట్టి పుల్లలతో కొట్టించే ఆట వచ్చింది. ఆ డోలుకు ఉన్నవి రెండే దెబ్బలు, మధ్యలో ఒకటి, అంచు మీద ఒకటి. మన డప్పు పలకలు వాయించేవాళ్లు చూస్తే ఇంతేనా అంటారు. కానీ దివా ఆటలో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. అందులో నొక్కులు ఎక్కువగా డోలు దెబ్బల మీద పడవు, గొంతు మీద పడతాయి. మికు పలికే అక్షరం ఎక్కడ పడితే అక్కడ బటన్ పడాలి. ఆమె సాగదీస్తే నొక్కి పట్టాలి. గబగబా పలికితే గబగబా నొక్కాలి.

సంగీతం తెలిసిన శ్రోతలకు ఇక్కడ ఒక తేడా తడుతుంది. కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తొడ మీద తాళం వేస్తుంటాడు. ఆ తాళానికి పాటలోని అక్షరాలతో నిమిత్తం లేదు. పాట ఎట్లా పోయినా దెబ్బ, వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు, అంతే. దివా ఆడేవాడు చేసేది ఆ పని కాదు. వాడు చేసేది మృదంగం పని. సాహిత్యాన్ని పట్టుకుని, మాట ఎక్కడ విరిగితే అక్కడ విరిచి, ఎక్కడ సాగితే అక్కడ దెబ్బ వేయకుండా ఊరుకుని, పాటతో పాటు నడిచే పని. తాళం వేయడం కంటే అది కష్టం. మా వాడికి మృదంగం అంటే ఏమిటో తెలియదు, వాడి వేళ్లకు మాత్రం కొంత తెలిసిపోయింది.

అయితే ఆ ఆటకు ఒకటే ఎత్తుగడ తెలుసు. మన శాస్త్రంలో గ్రహం అని ఒక లెక్క ఉంది. పాటా తాళమూ కలిసి మొదలైతే సమం. పాట ముందు ఎత్తుకుని, తాళం వెనకనుంచి వచ్చి అందుకుంటే అతీతం. తాళం ముందు పడి, పాట ఆగి తరవాత ఎత్తుకుంటే అనాగతం. త్యాగరాజు కృతుల్లో ఎన్నో తాళం పడ్డాక అరక్షణమో ఒక క్షణమో ఆగి మొదలవుతాయి. ఆ ఆగడంలోనే అందం. దెబ్బ మీద మొదలుపెట్టి పాడితే పాట చప్పబడిపోతుంది. జపాన్ ఆటలో నీ వేలు ముందు పడినా తప్పే, వెనక పడినా తప్పే. పాట రాసినవాడు మాత్రం కావాలంటే దెబ్బ తప్పించి రాసుకోవచ్చు. ఆడేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. అది నాకు ఈ ఆట మీద ఉన్న మొదటి ఫిర్యాదు. రెండోది తరవాత చెబుతాను.

అసలు శబ్దం విని సరైన క్షణంలో చేయి కదపడం మా ఊళ్లో ఒకప్పుడు ఆట కాదు, బతుకు. గనిలోకి మనుషులు కేజ్‌లో దిగేవాళ్లు. పైన వైండింగ్ ఇంజన్ దగ్గర కూర్చున్న డ్రైవర్‌కు షాఫ్ట్ లోపల ఏముందో కనపడదు. కిందనున్న ఆన్‌సెట్టర్, పైనున్న బ్యాంక్స్‌మన్ బెల్ కొట్టి చెప్పాలి. ఎన్ని మోతలు పడితే ఆగాలో, ఎన్ని పడితే దింపాలో, మనుషులు ఎక్కారని చెప్పడానికి ఎన్ని మోతలో లెక్క ఉండేది. ఆ లెక్క బోర్డు మీద రాసి పెట్టి ఉండేది. ఒక మోత తక్కువ విన్నా, రెండు మోతల మధ్య ఎడం ఎక్కువై వేరే లెక్కగా అనిపించినా, కేజ్‌లో ఉన్నవాళ్ల గతి అంతే. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటిన లోతు. అంత లోతుకు వేలాడే తాడు కొసన మనుషుల్ని పెట్టుకుని, చెవితో లెక్కపెట్టి, చేత్తో బ్రేకు వేసిన ఆ డ్రైవర్లు ఏ తెర మీదా ఏ మార్కులూ చూడలేదు. చాలామంది తప్పు చేయకుండానే రిటైరయ్యారు, అదే వాళ్ల కూల్.

ఇంకో సంగతి. లోతున రాయి మీద బరువు పెరిగి ఒక్కసారిగా పగిలేది. దాన్ని రాక్‌బర్‌స్ట్ అంటారు, పాతకాలంలో మా ఊళ్లో ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. పైన ఇళ్లలో గిన్నెలు గలగలమనేవి. ఆ పగులు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి నేలలో అక్కడక్కడా జియోఫోన్లు పాతారు. అదురు ఒక్కో జియోఫోన్‌కు ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ క్షణాల తేడా లెక్కగట్టి రాయి పగిలిన చోటు చెప్పేవాళ్లు. 1988లో ఇక్కడే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ పెట్టడానికి ఈ అనుభవం కూడా ఒక కారణమే.

ఇక జపాన్ వాళ్ల సంగతికొస్తాను. మికు పుట్టడానికి నలభై ఏళ్లకు పైగా ముందే జపాన్ వాళ్లు మా ఊరికి వచ్చి, క్షణాలు కొలిచే పనే చేశారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండులోని డర్హమ్ యూనివర్సిటీ కలిసి చాంపియన్ రీఫ్ గనిలో హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర, భూమికి సుమారు 2.3 కిలోమీటర్ల కింద పరికరాలు పెట్టాయి. మన వైపు నుంచి ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం వంటివాళ్లు, ఒసాకా నుంచి మియాకే. వాళ్లు వెతికింది న్యూట్రినోలు అనే కణాలను. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలోని అణువులను కొట్టినప్పుడు పుట్టే న్యూట్రినోలు కొండలూ భూమీ అన్నిటినీ దాటుకుని పోతాయి. ఎప్పుడో ఒకటి దగ్గరి రాయికి తగిలి మ్యూయాన్ అనే కణాన్ని పుట్టిస్తుంది. పైనుంచి వచ్చే మామూలు మ్యూయాన్లు అంత లోతుకు దాదాపు నిట్టనిలువునా దిగుతాయి. అందుకని వీళ్లు పరికరాన్ని గోడలాగా నిలబెట్టి, అడ్డంగా వచ్చే కణాల కోసం కాచుకున్నారు.

ఆ గోడకు రెండు పక్కలా కణం తగిలితే మెరిసే సింటిలేటర్లు ఉంటాయి. ఒక పక్క మెరిస్తే లెక్క కాదు. రెండు పక్కలూ, అతి స్వల్ప వ్యవధిలో, కలిసి మెరిస్తేనే ఏదో దాటిపోయిందని యంత్రం ఒప్పుకుంటుంది. ఆ వ్యవధిలో పడకపోతే కొట్టేస్తుంది. మికు ఆటలో తెర వెనక జరిగే లెక్క కూడా ఇదే. పాట ఒక క్షణాన్ని చెబుతుంది, నీ వేలు ఇంకొక క్షణాన్ని చెబుతుంది, రెండూ ఒక కిటికీలో పడ్డాయా లేదా, అంతే. 1965లో ఆ కిటికీలో పడ్డ కణం ప్రపంచంలో వాతావరణ న్యూట్రినోలను మొదట పట్టుకున్న ఘట్టాల్లో ఒకటైంది. దాదాపు అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఇంకో బంగారు గనిలో ఇంకో బృందమూ పట్టుకుంది. 1980లలో ప్రోటాన్ అనే కణం తనంతట తానే క్షయిస్తుందేమో చూడటానికి మా గనిలో ఇనుప పలకలు పేర్చి మళ్లీ కాచుకున్నారు, అప్పుడూ జపాన్ వాళ్లు తోడున్నారు. తరవాత వాళ్ల ఊళ్లోనే కమియోకా అనే పాత గనిలో పెద్ద పరికరం కట్టుకుని, ఆ దారిలోనే నోబెల్ బహుమతులదాకా వెళ్లారు. మన గని మూతపడింది. ఎవరి అదృష్టం వాళ్లది అని నేను అనను, దానికి కారణాలు వేరే ఉన్నాయి, అది ఇంకో ప్రసంగం.

మళ్లీ గాయని దగ్గరికి వద్దాం. ఆమె గొంతు గాలిలో పుట్టింది కాదు. ఫుజితా సాకి అనే వాచికనటి స్టూడియోలో కూర్చుని జపనీస్ భాషలోని అక్షరాలను, ఒక ధ్వని నుంచి ఇంకో ధ్వనికి మారే తీరులను, వేర్వేరు శ్రుతుల్లో పలికింది. వాటిని ముక్కలు చేసి దాచారు. యమహా కంపెనీ తయారుచేసిన వోకలాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలను కావలసిన స్వరంలో, కావలసిన నిడివిలో అతికిస్తుంది. బొమ్మ గీసింది కేయి అనే చిత్రకారుడు. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని పాటలు కట్టి ఇంటర్నెట్‌లో పెట్టారు. క్రిప్టన్ వాళ్లు తెలివిగా, వ్యాపారం కాని పనులకు ఆ బొమ్మను వాడుకోవచ్చని అనుమతి ఇచ్చారు. దాంతో వేలమంది ఆమె కోసం రాశారు. దివా ఆటలో ఉన్న పాటల్లో చాలా భాగం అలా వచ్చినవే. సినిమా కంపెనీలు రాయించినవి కావు. ఇళ్లల్లో కూర్చుని రాసుకున్న కుర్రాళ్ల పాటలు.

ఆ కుర్రాళ్లు తమ అసలు పేర్లు పెట్టుకోలేదు. ర్యో, డెకో 27, కురోఉసా-పి, వోవకా, ఇలా ముద్దుపేర్లు. పాట మొదట్లో ఆ పేరు తెర మీద పడుతుంది. మనకు ఇది కొత్త కాదు. మా వైపు కైవారం తాతయ్య అని పిలుచుకునే వాగ్గేయకారుడు గాజులు అమ్ముకునే ఇంటిలో పుట్టి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టి, ముద్రలో నారేయణ అని పెట్టుకున్నాడు. ఆయన పేరు నారాయణప్ప అని తెలియనివాళ్లు కూడా ముద్ర వినగానే ఇది తాతయ్యది అంటారు. కైవారం ఒకప్పుడు మా కోలారు జిల్లాలోనే ఉండేది. 2007లో జిల్లా రెండుగా చీలినప్పుడు చిక్కబళ్ళాపురం వైపు పోయింది. జిల్లా పోయినా కీర్తన పోలేదు, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో భజన గుళ్లలో ఇంకా పాడుతున్నారు. వోవకా అనే కుర్రాడు 2019లో 31 ఏళ్లకే చనిపోయాడు. వాడి పాటలు ఆటలో ఉన్నాయి. ఎవడో ఒకడు ఏదో ఒక ఊళ్లో ఇవాళ కూడా వాటిని నొక్కుతూ ఉంటాడు.

మికుచేత తెలుగు పాడించవచ్చా అని నన్ను అడుగుతారు. యమహా సాఫ్ట్‌వేర్‌కు జపనీస్, ఇంగ్లీష్, స్పానిష్, కొరియన్, చైనీస్ గొంతులు వచ్చాయి. మికుకే 2013లో ఇంగ్లీష్ గొంతు ఇచ్చారు. తెలుగుకు దిక్కు లేదు. జపనీస్ గొంతుతో తెలుగు పాడిస్తే సగం పని సులువే. ఎందుకంటే వాళ్ల అక్షరాలు కూడా మన మాదిరి అచ్చుతో ముగిసేవే ఎక్కువ. కానీ వాళ్లకు లకారం లేదు, రకారమే. ఆ అమ్మాయి మా జిల్లా పేరును 'కోరారు' అనే పాడుతుంది. ఒత్తులూ లేవు. భజనలో 'ధ' అనాల్సిన చోట 'ద' అంటే పెద్దలు వినలేరు. అయినా నేను విన్నాను. నవ్వు వచ్చింది గాని, శ్రుతి మాత్రం తప్పలేదు.

ఆమెకు ఊపిరి అక్కరలేదు. అందుకే మనిషి పాడలేని పాటలు ఆమెకు రాస్తారు. కోస్మో అనే సంగీతకారుడు కట్టిన ఒక ప్రసిద్ధమైన పాట నిమిషానికి 240 దెబ్బల వేగంలో పోతుంది. అంటే సెకనుకు నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బలో ఒకటికి మించి అక్షరాలు. గొంతున్న మనిషి ఎవరూ దాన్ని ఒక్క గుక్కలో అనలేరు. ఆ పాట దివా ఆటలో ఉంది. ఎక్స్‌ట్రీమ్ అనే మెట్టు మీద దాన్ని తప్పులేకుండా ఆడినవాళ్లకు ఆ ఆటగాళ్లలో ఒక గౌరవం ఉంటుంది. నేను మా మేనల్లుడు ఆడుతుంటే చూశాను. సగంలో తప్పులు ఎక్కువై, ఆటలో ప్రాణం చూపే మీటర్ ఖాళీ అయి పాట ఆగిపోయింది. వాడేమీ బాధపడలేదు, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక నా రెండో ఫిర్యాదు. మా వైపు చెక్క భజన చూసినవాళ్లకు తెలుసు. చెక్కలు చేతపట్టుకుని గుండ్రంగా నిలబడి మొదలుపెడతారు. నిమ్మళంగా మొదలవుతుంది. గురువు కాలు మార్చగానే వేగం పెరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది, చివరికి చెక్కల మోత ఒక్కటే వినిపిస్తుంది. ఎవడైనా ఒకడు తడబడితే పక్కవాడు కాస్త గట్టిగా కొట్టి వాణ్ని లోపలికి లాక్కుంటాడు. పలకల వాళ్లదీ అంతే. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న పుల్ల పట్టుకుని, మంట దగ్గర కాచిన పలకను మోగిస్తూ, ఒకడు నడక మారిస్తే మిగిలినవాళ్లు రెండు దెబ్బల్లో పట్టుకుంటారు. చిక్కబళ్ళాపురం జిల్లాలోని పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప అలాంటి వాద్యకారుడు. కన్నడంలో పలకను తమటె అంటారు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పలకను చావుకూ జాతరకూ పిలిచి, పని అయ్యాక దూరంగా కూర్చోబెట్టిన ఊళ్లే ఆ వార్త పేపర్లో చదివాయి. అది కూడా చెప్పుకోవాలి కదా.

మికు ఆట నిన్ను వినదు. నువ్వు ఆమెను వినాలి. నువ్వు అలసిపోతే ఆమె నెమ్మదించదు, నువ్వు ఉత్సాహంగా ఉంటే ఆమె నడక పెంచదు. ఒంటరిగా ఆడే ఆటకు అది తప్పదేమో. కానీ పిల్లలు లయ అంటే ఇదే అనుకుంటే నాకు దిగులు. చెప్పిన క్షణానికి పడితే కూల్, పడకపోతే సాడ్ అనే లెక్కలో పెరిగినవాడు చెక్క భజనలో నిలబడితే ముందు తనే తప్పు అనుకుంటాడు, లేదా పక్కవాళ్లందరూ తప్పు అనుకుంటాడు. అక్కడ ఎవరూ తప్పు కాదు, పదిమందీ కలిసి అప్పటికప్పుడు లయను తయారుచేసుకుంటున్నారు.

గొంతు విషయంలో మాత్రం జపాన్ వాళ్లు ఒక పద్ధతి పాటించారు. ఫుజితా సాకి ఆ పని కోసమే, తెలిసే, కూర్చుని పలికింది. మన దగ్గర 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో 2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో వాడారు. తమను అడగలేదని ఆయన కొడుకు ఎస్.పి. చరణ్ లీగల్ నోటీసు పంపారు. బాలు గారి గొంతు మళ్లీ వినపడితే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ వద్దని చెప్పడానికి ఆయన లేరు కదా, ఆయన తరఫున అడగాల్సింది ఇంట్లోవాళ్లనే. ఇందులో నేను పూర్తిగా చరణ్ వైపు.

ఇంతా విన్నాక ఆడి చూద్దాం అనుకునే శ్రోతలకు ఒక మాట. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకోకండి. గాలిలో తీగ లేకుండా పోయే శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో అంతకు మించో ఆలస్యం అవుతుంది. మీరు సరిగ్గా నొక్కినా అది సాడ్ అంటుంది. తీగ ఉన్న పాత ఇయర్‌ఫోన్లే మేలు. ఆట సెట్టింగుల్లో ఆ ఆలస్యాన్ని సరిచేసుకునే వీలు ఉంటుంది, మొదట అది చూసుకోండి. ఆలస్యం ఎక్కడైనా ఉంటుంది లెండి. ఊరేగింపులో వంద మీటర్ల ముందున్న పలక దెబ్బ వెనకనున్న మీకు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది, అందుకే పుల్ల పడటం ముందు కనిపించి మోత తరవాత వస్తుంది. ఇప్పుడు నా మాట రేడియో సెట్‌లో వింటున్నవాళ్లకు ముందూ, ఫోన్ యాప్‌లో వింటున్నవాళ్లకు కొన్ని సెకన్లు వెనకా చేరుతోంది. ఒకే ఇంట్లో రెండూ పెట్టకండి, నేను నన్నే వెక్కిరించినట్టు వినిపిస్తుంది.

ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. 2009లో వచ్చిన మొదటి దివా ఆటలోనే ఎడిట్ మోడ్ అని ఒకటి పెట్టారు. మన దగ్గరున్న ఎంపీ3 పాట వేసి, ఏ అక్షరం దగ్గర ఏ బటన్ రావాలో మనమే పేర్చుకోవచ్చు. అలాంటి సదుపాయం ఉన్న ఆటలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కైవారం తాతయ్య కీర్తన ఒకటి, మంచి గాయకుడు పాడినది, అనుమతి తీసుకుని పెట్టి చూడాలి. మిశ్ర చాపులో ఉన్నదైతే ఏడు దెబ్బల లెక్క. మూడూ నాలుగుగా విడగొట్టి పేర్చాలి, ఎనిమిది దెబ్బలకు అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్‌ను ముందు ఒప్పించాలి. అనాగతంలో ఎత్తుకునే పాట అయితే మొదటి బటన్‌ను దెబ్బ మీద కాకుండా ఆగిన చోట పెట్టాలి. దీనికి తాళం తెలిసినవాడు ఒకడు కావాలి, కంప్యూటర్ తెలిసినవాడు ఒకడు కావాలి. మొదటివాడు శ్రీనివాసపురం వైపు ఏ భజన గుడిలోనైనా దొరుకుతాడు. రెండోవాడు పొద్దున మారికుప్పంలో రైలెక్కుతాడు. నేను మా వాడితో మాట్లాడాను. ముందు ఏ పాటో చెప్పు మామా అన్నాడు. ఆ పాట ఏదో సూచించదలచుకున్న శ్రోతలు ఈ కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి.